మేస్త్రికీ సున్నానికీ పడలేదు

రెండు బుట్టల మూతలూ ఒకేసారి తీయడమే వాళ్ళు చేసిన మొదటి తప్పు.

గోధుమరంగు చారల పోతుపిల్లి ఒక్క ఉదుటున బయటికి దూకింది. తెల్లపిల్లి ఇంకా ముందుకాళ్ళు మాత్రమే బయటపెట్టి కొత్త ఇంటి గచ్చును వాసన చూస్తోంది. అది తల ఎత్తేలోగా పోతుపిల్లి దాని మెడ మీద పడింది. రెండూ ఒక్క ముద్దై హాలంతా దొర్లాయి. ఆ అరుపులు పిల్లుల అరుపుల్లా లేవు. ఎవరో పసిపిల్లల గొంతు నొక్కుతున్నట్టు ఉన్నాయి. కుట్టుమిషను కిందికి దూరిన తెల్లపిల్లిని పోతుపిల్లి కాలు పట్టి బయటికి లాగింది. తెల్లటి బొచ్చు కుచ్చులు కుచ్చులుగా లేచి ఫ్యాను గాలికి గదంతా ఎగిరింది.

"చంపేస్తోంది! మీ పిల్లి నా పిల్లిని చంపేస్తోంది!" అని అమ్మాయి గొంతు చించుకుంది.

అతను చీపురు తిరగేసి రెంటి మధ్యా కర్ర దూర్చాడు. పోతుపిల్లి కర్రను కొరికి వదిలి బీరువా వెనక్కి పోయింది. తెల్లపిల్లి వంటగదిలో సిలిండరు పక్కన నక్కి వణికింది. దాని చెవి కింద చర్మం అగ్గిపుల్లంత పొడుగున చీలింది. గోడకు మోకాలెత్తున నెత్తుటి చుక్కలు పడ్డాయి.

"కొత్త కదా, మెల్లగా సర్దుకుంటాయి" అంది తల్లి, చీలిన చోట పసుపు అద్దుతూ. ఆమె ఆ మాట ఎవరి గురించి అందో ఆమెకే తెలియాలి.

అతనికి బజారులో మాంసం కొట్టు ఉంది. అందరూ కత్తులాయన అంటారు. నలభై దాటేదాకా పెళ్ళి మాట ఎత్తలేదు. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. భర్త పోయి ఆరేళ్ళయింది. కూతురు ఇంటరు చదువుతోంది. పిల్ల సన్నగా, ఎముకలు బయటపడేలా ఉంటుంది కాబట్టి తల్లి పిచ్చుక అని పిలుస్తుంది. పెళ్ళి కాగానే రెండు పక్కలవాళ్ళూ పాత ఇళ్ళు ఖాళీ చేసి, ఇద్దరికీ కొత్తదైన ఈ అద్దె ఇంట్లోకి వచ్చారు. ఎవరి ఇంటికి ఎవరు వచ్చారన్న మాట రాకూడదని అలా చేశారు. మనుషుల సంగతి ఆలోచించారు గానీ పిల్లుల సంగతి ఆలోచించలేదు.

పోతుపిల్లి పేరు మేస్త్రి. ఎనిమిదేళ్ళ కిందట చెవి సగం తెగి, కొట్టు వెనక కాలువలో పడి ఉంటే కత్తులాయన తీసి బతికించాడు. అప్పటినుంచీ కొట్టులో తూకం పక్కన కూర్చుని, పని చేసేవాళ్ళందరినీ కళ్ళార్పకుండా చూస్తూ, తను మాత్రం పుల్ల ముక్క కదిలించేది కాదు. అందుకే ఆ పేరు. తెల్లపిల్లి పేరు సున్నం. పిచ్చుక వాళ్ళ నాన్న పోయే ముందు ఏడాది, వాన కురుస్తున్న రోజున చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. ఆయన చేత్తో తెచ్చినవాటిలో ఇంకా ఊపిరి ఉన్నది అదొక్కటే.

కత్తులాయనా పిచ్చుకా రెండు పిల్లుల్నీ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి పేర్లు చెప్పగానే డాక్టరమ్మ పకపకా నవ్వింది.

"మేస్త్రికీ సున్నానికీ పడకపోవడమేంటండీ! వినడానికే విడ్డూరంగా ఉంది."

పిచ్చుక నవ్వలేదు. ఆవిడ నవ్వాపుకుని పద్ధతి చెప్పింది. రెంటినీ వేరువేరు గదుల్లో పెట్టాలి. ఒకటి పడుకున్న గుడ్డ రెండో దాని దగ్గర వేయాలి. మూసిన తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె పెట్టి ఒకే వేళకు తినిపించాలి. అవతలి వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతోందని వాటికి తెలియాలి.

"తొందరపడ్డారో, మళ్ళీ మొదటికొస్తుంది" అంది.

ఆ మాట కత్తులాయన మనసులో పెట్టుకున్నాడు. కొట్టు నుంచి వచ్చి, ఒంటి నుంచి మాంసం వాసన పోయేదాకా స్నానం చేసి, తర్వాతే మేస్త్రి ఉన్న పడకగదిలోకి పోయేవాడు. పిచ్చుక సున్నంతో హాల్లో ఉండేది. మధ్యలో తలుపు. ఆ పిల్ల అతనితో మాట్లాడేది కాదు. అన్నం దగ్గర "పప్పు కావాలా పాపా" అని అడిగితే, "అమ్మా, నాకు వద్దని చెప్పు" అనేది, అతను ఎదురుగానే ఉన్నా. పాపా అనిపించుకోవడం అంటే ఆ పిల్లకు ఒళ్ళు మంట. కానీ గిన్నెలు ఒకేసారి కింద పెట్టాలంటే మాట్లాడక తప్పదు.

"పెట్టారా?" అని తలుపు అవతలి నుంచి అడిగేది.

"పెడుతున్నా. నువ్వు?"

"పెట్టా. మీవాడు బుసకొడుతున్నాడు, ఇక్కడికి వినిపిస్తోంది."

"తినేటప్పుడు వాడంతే. బుస కాదు, గురక."

తలుపుకు ఇటూ అటూ గచ్చు మీద కూర్చుని ఆ నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళు. ముఖాలు కనిపించవు కాబట్టి కాస్త తేలిగ్గా ఉండేది. ఒకరోజు పరీక్షలో భౌతికశాస్త్రం పోయిందని తల్లికంటే ముందు ఆ తలుపుకే చెప్పింది.

"మళ్ళీ రాయొచ్చు కదా?" అన్నాడు అతను.

"అమ్మ తిడుతుంది."

"తిడితే తిట్టనీ. తిట్టిన చేత్తోనే అన్నం పెడుతుంది."

తలుపు ముందు వేలెడు సందు తీశారు, తర్వాత జానెడు. గిన్నెలు మెల్లగా దగ్గరికొచ్చాయి. మేస్త్రి ఒకటి రెండుసార్లు పంజా ఎత్తింది. సున్నం వెనక్కి తగ్గింది, తర్వాత మళ్ళీ వచ్చి తింది. చలికాలం వచ్చేసరికి తలుపు పూర్తిగా తెరిచారు. సున్నం బట్టల మూట మీద, మేస్త్రి కిటికీ అరుగు మీద, హాలుకు చెరో మూలా పడుకునేవి. ఒకటి నడుస్తుంటే రెండోది కళ్ళతోనే సాగనంపేది. సర్దుకున్నట్టే ఉందని ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడింది.

ఆ ఆదివారం కత్తులాయన కొట్టులో ఉన్నాడు. పిచ్చుక తల స్నానం చేస్తోంది. తల్లి కిటికీ పక్కన మిషను మీద కాలర్లు కుడుతోంది. సున్నం ఆమె కాళ్ళ దగ్గర, మేస్త్రి అరుగు మీద ఉన్నాయి. ఉన్నట్టుండి మేస్త్రి వీపు విల్లులా వంగింది. తోక సీసా కడిగే బ్రష్షులా ఉబ్బింది. కడుపులోంచి సన్నగా మొదలైన ఏదో మూలుగు ఈలలా పెరిగింది. ఏమైందా అని ఆమె తల ఎత్తేలోగా అది గిరుక్కున తిరిగి, నిద్రపోతున్న సున్నం మీద దూకి గొంతు పట్టుకుంది.

సున్నం అరవలేకపోయింది. వెనక కాళ్ళతో గాల్లో తన్నుకుంది. ఆమెకు చీపురు గుర్తుకు రాలేదు, డాక్టరమ్మ మాట గుర్తుకు రాలేదు. కూతురి పిల్లి కళ్ళముందు చచ్చిపోతోంది. కుడిచెయ్యి రెంటి మధ్యా పెట్టేసింది.

మేస్త్రి సున్నాన్ని వదిలి ఆ చెయ్యి పట్టుకుంది. బొటనవేలి మొదట్లో కోరలు దిగి ఎముక దాకా పోయాయి. ఆమె చెయ్యి పైకెత్తితే పిల్లి చేతికి వేళ్ళాడుతూ లేచింది. ఎడంచేత్తో దాన్ని కొట్టింది, గోడకేసి బాదింది. అది వదల్లేదు. మళ్ళీ మళ్ళీ కొరికింది. తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చిన పిచ్చుక బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే గానీ ఊడలేదు. కుడుతున్న తెల్లటి కాలర్లన్నీ ఎర్రగా తడిసిపోయాయి.

చూస్తే గాయాలు చిన్నవే, నాలుగు చిల్లులు. కట్టు కట్టుకుని పడుకుంది. తెల్లారేసరికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బి, వేళ్ళు ముడుచుకుపోయి, ముట్టుకుంటే కేక పెట్టేలా తయారైంది. ఆసుపత్రిలో చూసీ చూడగానే లోపలికి తీసుకెళ్ళిపోయారు. అరచేతిని అడ్డంగా నిలువుగా కోసి చీము కడిగారు. మర్నాడు మళ్ళీ కోశారు.

"చెయ్యి ఉంటుంది. బొటనవేలు పూర్తిగా వంగుతుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నాడు సర్జన్.

బొటనవేలు వంగకపోతే కత్తెర పట్టడం కుదరదు. ఆ సంగతి కత్తులాయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం ఆమెకు కావలసిన బట్టల కోసం అతనూ పిచ్చుకా ఇంటికొచ్చారు. తాళం తీసేసరికి హాల్లో మేస్త్రి మిషను బల్ల మీద, ఆమె కూర్చునే చోట, కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఏమీ జరగనట్టు, నింపాదిగా.

పిచ్చుక చేతికి అందింది ఇస్త్రీపెట్టె. విసిరింది. అది మేస్త్రి మూతికి తగిలి ఎముక విరిగినట్టు చప్పుడైంది. పిల్లి బల్ల మీద నుంచి పడి, తిరిగి లేచి, నోట్లోంచి నెత్తురు తీగలా కారుతుంటే గుండ్రంగా తిరిగింది. పిచ్చుక మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

"వదులు!"

"వదలను! చంపుతా! అది చావాలి, మీరూ పోవాలి! మీరొచ్చాకే మా అమ్మకి ఇలా అయింది! కసాయి..."

అతని చెయ్యి లేచింది, కొట్టింది. ఎముకలు నరికే చెయ్యి అది. పిచ్చుక వెళ్ళి గోడకు తగిలి కింద కూర్చుండిపోయింది. కింది పెదవి చిట్లింది. ఏడవలేదు. ఆశ్చర్యంగా అతని వైపు చూసింది, ఆ చూపే అతనికి అన్నిటికంటే గట్టిగా తగిలింది. తర్వాత లేచి, వంటగదిలో మూసి ఉంచిన సున్నాన్ని చంకన పెట్టుకుని గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

అతను తన చెయ్యి తను చూసుకున్నాడు. అప్పుడు మేస్త్రిని మెడ దగ్గర పట్టి గోనెసంచిలో వేశాడు. కొట్టుకు పోయాడు. ఆ రోజు బజారుకు వారపు సెలవు కాబట్టి వీధిలో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. సగం షట్టరు ఎత్తి లోపలికి దూరి, మొద్దు మీద సంచి బోర్లించాడు. పెద్ద కత్తి తీశాడు. ఎన్ని ప్రాణాలు ఆ మొద్దు మీద ముక్కలయ్యాయో లెక్కలేదు. ఎప్పుడూ చెయ్యి వణకలేదు. ఇప్పుడూ వణకలేదు. ఎడంచేత్తో పిల్లి మెడ అదిమిపట్టి కత్తి ఎత్తాడు.

మేస్త్రి పెనుగులాడలేదు. అలవాటైన చోటు. విరిగిన కోరతో, వాచిన మూతితో, అతని అరచేతి కింద నుంచే మొద్దు మీది పాత వాసనను నాకడం మొదలుపెట్టింది. నాకిన చోటల్లా దాని నెత్తురే అంటుకుంది.

అతను కత్తి దించాడు. జాలి వల్ల కాదు. తను ఇప్పుడు ఎవరిని చంపబోతున్నాడో, ఎందుకు చంపబోతున్నాడో ఒక్కసారిగా అర్థం కాలేదు. ఇంట్లో పిల్ల పెదవి చిట్లించింది ఈ పిల్లి కాదు. కిందికి జారి, నెత్తురు కడిగే కాలువ పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి మేస్త్రి మొద్దు దిగి తన పాత చోటికి, తూకం పక్కకు పోయింది. దాన్ని అక్కడే ఉంచి షట్టరు దించి ఇంటికొచ్చాడు.

గడియ పెట్టి ఉన్న తలుపు ముందు గచ్చు మీద కూర్చున్నాడు.

"తప్పు చేశాను" అన్నాడు.

తలుపుకు తల ఆనించాడు.

"నువ్వేమన్నా అను. చెయ్యి చేసుకోకూడదు. మీ అమ్మకి నేనే చెప్తాను."

"మీరు చెప్పొద్దు." లోపలి నుంచి గొంతు బండలా వచ్చింది. "ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక నేను చెప్తా. అప్పటిదాకా నాతో మాట్లాడకండి."

మాట్లాడలేదు. అన్నం వండి తలుపు దగ్గర పెట్టేవాడు. తను ఆసుపత్రి వరండాలో పడుకునేవాడు. పిచ్చుక పెదవికి ఏమైందని తల్లి అడిగితే పిల్ల పడ్డానని చెప్పింది. మంచం అవతల నిలబడ్డ అతను తల దించుకున్నాడు.

తల్లి ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఒక మధ్యాహ్నం పిచ్చుక నెత్తుటి మరకలు ఉతికిన కాలర్లు మడత పెడదామని కిటికీ దగ్గర తల్లి కుర్చీలో కూర్చుంది. సున్నం అరుగెక్కి ఎండలో ఒళ్ళు నాక్కుంటోంది. హఠాత్తుగా నాకడం ఆపింది. వీపు వంగింది. తోక ఉబ్బింది. ఆ మూలుగు, అచ్చం అదే మూలుగు, ఇప్పుడు సున్నం గొంతులోంచి వచ్చింది.

పిచ్చుక కిటికీలోంచి చూసింది. ఎదుటి ప్రహరీగోడ మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నల్ల పోతుపిల్లి ఒకటి నిలబడి ఉంది. దూడంత తల. ఒక కన్ను మూసుకుపోయింది. అది కదలకుండా లోపలికే చూస్తోంది. సున్నం అద్దాన్ని రెండు పంజాలతో గీరింది, తలతో గుద్దింది. అద్దం దారివ్వలేదు. వెంటనే గిరుక్కున తిరిగి, ఎదురుగా కనిపించిన పిచ్చుక పిక్క మీద పడి కొరికేసింది.

తనను తల్లిలా చూసుకునే పిల్లను. పక్కలో పడుకుని పెరిగిన పిల్ల కాలిని.

పిచ్చుక కేక పెట్టలేదు. కర్టెను దించి, దుప్పటి వేసి సున్నాన్ని చుట్టి గదిలో వదిలి, కాలు సబ్బుతో కడుక్కుని, కుంటుకుంటూ బజారుకు బయల్దేరింది.

కొట్టు ముందు జనం ఉన్నారు. కత్తులాయన పక్కటెముకలు కొడుతున్నాడు.

"మేస్త్రి ఏడీ? చంపేశారా?" అని అంతమంది ముందూ అడిగింది.

కొనడానికి వచ్చినవాళ్ళు సంచులు పట్టుకుని బిక్కచచ్చిపోయారు. అతను కత్తి పక్కన పెట్టి తూకం వైపు చూపించాడు. మేస్త్రి అక్కడ కూర్చుని ఉంది. మూతి ఒకవైపు వాచి ఉంది, చూపు మాత్రం పాత మేస్త్రి చూపే.

పిచ్చుక గట్టిగా ఊపిరి వదిలింది. "మీతో మాట్లాడ్డానికి రాలేదు. ఒక్క సంగతి చెప్పి పోతా. అది కరవాలనుకుంది అమ్మని కాదు, సున్నాన్ని కూడా కాదు. బయట ఒక నల్లది ఉంది. అది కనబడితే వీటికి పిచ్చెక్కుతోంది. దాన్ని అందుకోలేక, దగ్గరున్న వాళ్ళ మీద పడుతున్నాయి. చూడండి." గౌను అంచు పైకి లాగి పిక్క మీది చిల్లులు చూపించింది. "ఇది సున్నం చేసింది."

అతను చేతులు కడుక్కుని, "ముందు ఆసుపత్రికి పద" అన్నాడు. కొట్టు అలాగే వదిలేసి ఆ పిల్లకు సూదిమందు వేయించి, అక్కడినుంచి పశువుల డాక్టరమ్మ దగ్గరికి పోయారు.

"అవును, అలా జరుగుతుంది" అంది ఆవిడ. "అందనివాడి మీది కోపం అందినవాళ్ళ మీద తీర్చుకుంటాయి. ఎంత చనువున్నా ఆ క్షణంలో గుర్తుపట్టవు. కిటికీ కింది సగం కాగితం అంటించండి. ఆ నల్లదాన్ని పట్టుకుని రండి. ఆపరేషను చేస్తే వాసన చల్లుకుంటూ తిరగడం మానుతుంది."

పట్టుకుని రండి అనడం తేలికే. బోనులో కార్జం ముక్క పెడితే నల్లది పంజా దూర్చి ముక్క లాక్కుపోయింది, తలుపు పడలేదు. రెండోసారి బోను వైపు చూడనైనా లేదు. చివరికి ఇంటి పక్క సందులోకి తరిమారు. అటు చివర పిచ్చుక పాత తలుపుచెక్క అడ్డం పట్టుకుని నిలబడింది. ఇటునుంచి అతను ఒంటికి గోనెపట్టా చుట్టుకుని, చేతిలో దుప్పటితో దిగాడు.

నల్లది పారిపోలేదు. దారి లేదని తెలిసినప్పుడు అది నేరుగా అతని ముఖం మీదికి లేచింది. దుప్పటి చాటున పట్టుకున్నాడు గానీ ఒక పంజా బయటికొచ్చి మోచేతి నుంచి మణికట్టు దాకా చీల్చింది. ఇద్దరూ సందులో కిందపడ్డారు. అది దుప్పటిని కొరికి, చిల్లులోంచి తల బయటపెట్టి అతని భుజం పట్టింది. "మెడ! మెడ పట్టుకోండి!" అని అరుస్తూ పిచ్చుక చెక్క వదిలేసి వచ్చి, తన గుడ్డసంచి దాని తల మీదుగా లాగి మీద కూర్చుంది. కింద ఆ ఒళ్ళు ఇంజనులా అదురుతోంది. ఇద్దరూ కలిసి బోనులోకి తోసి తలుపు వేసేసరికి ఎవరి చొక్కా మీద ఎవరి నెత్తురో తెలియలేదు.

డాక్టరమ్మ మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టాక దాన్ని సరిగ్గా చూశారు. గోడ మీద దూడంత కనిపించిన తల నిజానికి వాపు. ఒళ్ళంతా ఎముకలే. మెడ చుట్టూ బొచ్చు కింద సన్నటి ఇనపతీగ ఉంది. ఎప్పుడో, పిల్లగా ఉన్నప్పుడు ఎవరో కట్టింది. పిల్లి పెరిగింది, తీగ పెరగలేదు. మాంసంలో దిగి, దాని మీద చర్మం పెరిగి, లోపల కుళ్ళిపోయింది.

డాక్టరమ్మ ముక్క ముక్కగా తీగ కత్తిరించి తీసింది. చీము పళ్ళెం నిండా వచ్చింది. కానీ నల్లది మత్తులోంచి లేవలేదు. ఆవిడ గుండె మీద వేళ్ళతో నొక్కుతూ చాలాసేపు చూసి, చేతులు తీసేసింది.

బయట మెట్ల మీద పిచ్చుక మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్లి చావాలని కోరుకుంది.

"మనం చంపామా?"

అతను పక్క మెట్టు మీద కూర్చున్నాడు. చెయ్యికి కట్టిన గుడ్డలోంచి నెత్తురు ఊరుతోంది.

"కొంత మనం. ఎక్కువ ఆ తీగ కట్టినవాడు" అన్నాడు. "అయినా మన వాటా మనదే."

ఆ పిల్ల తడిసిన గుడ్డ వైపు చూసి, "లోపలికి పోయి మీ చెయ్యి కుట్టించుకోండి" అంది.

పొలాల దారిలో గొయ్యి తీసి నల్లదాన్ని పూడ్చారు. పేరు కూడా తెలియదు కాబట్టి ఇద్దరూ ఏమీ అనకుండా మట్టి కప్పి వచ్చారు.

తల్లి ఇంటికొచ్చిన రోజున పిచ్చుక అన్నట్టే అన్నీ చెప్పింది. ఇస్త్రీపెట్టె సంగతీ, తనన్న మాటా, చెంపదెబ్బా, పెదవీ. ఏదీ దాచలేదు. తల్లి కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విని, అతన్ని పిలిచింది. అతను ఎదురుగా నిలబడ్డాడు.

"పిల్లి కోపానికి కారణం వెతికారట."

"అవును."

"మీ కోపానికీ ఉంటుంది కారణం. నా భార్య చెయ్యి పోతోంది, నా పిల్లిని కొడుతోంది, నన్ను కసాయి అంది... ఎన్నో చెప్పొచ్చు. నాకు అవేమీ వద్దు." ఆమె గొంతు పెరగలేదు. "పిల్లికి తెలియదు. మీకు తెలుసు. ఇంకొక్కసారి నా పిల్ల మీద చెయ్యి లేచిందంటే, ఈ ఒంటి చేత్తోనే సామాను సర్దుకుంటాను. ఏడవను, అరవను. వెళ్ళిపోతాను. అర్థమైందా?"

"అయింది."

"నాకు చెప్పడం కాదు. దానికి చెప్పండి."

అతను పిచ్చుక వైపు తిరిగి చెప్పాడు. ఈసారి మధ్యలో తలుపు లేదు. పిల్ల ముఖం తిప్పుకోకుండా వింది. సరే అనలేదు, ఫరవాలేదు అని అసలే అనలేదు. "చూస్తా" అంది.

పిల్లుల విషయం మళ్ళీ మొదటికొచ్చింది. కిటికీకి కాగితం అంటించారు. మేస్త్రిని కొట్టు నుంచి తెచ్చి పడకగదిలో పెట్టారు. మళ్ళీ గుడ్డలు మార్చడం, మళ్ళీ తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె. ఈసారి ఇంకా కష్టమైంది. మేస్త్రి వాసన తగిలితేనే సున్నం ఒళ్ళు తెలియకుండా పోసేసుకునేది. ఒకసారి తలుపు సరిగ్గా పడక, మేస్త్రి బయటికొచ్చింది. సున్నమే ముందు దూకింది. కోర లేని వైపు చూసి, మేస్త్రి ముక్కు చీరేసింది. కత్తులాయన దిండు మధ్యలో పడేసి విడదీశాడు. ఎవరూ చెయ్యి పెట్టలేదు, ఎవరూ ఏమీ విసరలేదు. ఇప్పుడు ఇంట్లో ప్రతి గదిలోనూ ఒక దిండు తలుపు వారన ఉండేది.

తల్లి బొటనవేలు సగమే వంగింది. కత్తెర ఎడంచేత్తో పట్టడం నేర్చుకుంటూ, తొలి రోజుల్లో గుడ్డలు పాడుచేసి, తనని తనే తిట్టుకుంటూ ఏడ్చింది. ఒకరోజు మేస్త్రి ఉన్న గది ముందు నిలబడి, తలుపు తీయకుండా చాలాసేపు చూసింది. లోపలికి మాత్రం పోలేదు. ఆ పిల్లిని ఆమె మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇంట్లోంచి పంపెయ్యమని కూడా అనలేదు. అది చాలనుకున్నాడు అతను.

అతను బీరువా పై నుంచి వంటగది గుమ్మం దాకా గోడ వెంట చెక్కలు కొట్టాడు. మేకులు పిచ్చుక అందించింది. "ఇక్కడ ఇంకో చెక్క కావాలి, అది అంత దూరం దూకలేదు" అని తప్పులు పట్టింది కూడా. సున్నం పైదారి పట్టింది. వయసు మీద పడిన మేస్త్రి నేల మీదే తిరిగింది. ఎండ పడే చోటు కోసం మాత్రం రెంటికీ ఇప్పటికీ తగువే.

మొన్నొక సాయంత్రం ముగ్గురూ హాల్లో ఉన్నారు. సున్నం నీళ్ళ కోసం కిందికి దిగింది. అదే వేళకు మేస్త్రి వంటగదిలోంచి వచ్చింది. గుమ్మంలో ఎదురుపడ్డాయి. రెంటి వీపులూ లేచాయి. మేస్త్రి బుస్సుమంది. సున్నం పంజా ఎత్తి గాల్లో ఆపింది. కత్తులాయన ఒక దిండు, పిచ్చుక ఒక దిండు, తల్లి ఎడంచేత్తో ఒక దిండు, ముగ్గురూ అందుకుని లేచారు.

సున్నం పంజా దించి, ఆ పంజానే నాక్కుంది. మేస్త్రి పక్కకు తప్పుకుని, గోడ వారగా నడిచి, కుర్చీ కిందికి పోయి పడుకుంది.

దిండ్లు పట్టుకుని నిలబడ్డ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు తల్లి నవ్వింది.

"మీవాడే మొదలుపెట్టాడు" అంది పిచ్చుక.

"మీదే కదా పంజా ఎత్తింది?" అన్నాడు కత్తులాయన.

"బుస కొడితే ఎత్తదా మరి?"

"వాడు బుస కొట్టలేదు, తుమ్మాడు."

వాళ్ళిద్దరి వాదన అన్నాల వేళ దాకా తెగలేదు.